గోనెపట్టా చాటు హంస

గైడు పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను కలిసినప్పుడు ముందుగా ఒకటే అడుగుతారు. ఎంతో దూరం నుంచి జనాన్ని తీసుకెళ్తాం, తీరా వెళ్ళేసరికి అక్కడ మరమ్మతులు జరుగుతుంటాయి. గోపురం చుట్టూ సరుగుడు కర్రలు, వాటి మీద ఆకుపచ్చ వల, లోపల స్తంభాలకు గోనెపట్టాలు. అప్పుడు వాళ్ళకి ఏం చూపించాలండీ, ఏం చెప్పాలండీ అని.

ఈ ప్రశ్నకు నేను నా ఉద్యోగంలో మూడు రకాల జవాబులు చెప్పాను. మొదటిది మా ఓనరుగారు నేర్పినది. రెండోది నేను సొంతంగా తయారుచేసుకున్నది. ఆ రెండూ తప్పని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. మూడోది తప్పో ఒప్పో ఇంకా తేలలేదు. అది తేలకుండానే ఇదంతా రాస్తున్నాను కాబట్టి, ఇందులో మీకు సలహా కన్నా అయోమయమే ఎక్కువ దొరుకుతుంది. ముందే చెప్పడం మంచిది.

వీపు పెట్టి నిలబడే పని

నేను పనిచేసింది బందరు బస్టాండు దగ్గర ఒక చిన్న ట్రావెల్స్ ఆఫీసులో. ఓనరు పాపారావుగారు. పొద్దున్నే గుడివాడ స్టేషన్లో దిగినవాళ్ళని వ్యానెక్కించుకుని ఘంటసాల, మోపిదేవి చూపించి, అక్కణ్ణుంచి ఏరు సముద్రంలో కలిసే హంసలదీవి దాకా తీసుకెళ్ళి, సాయంత్రానికి బందరు బీచిలో దించేవాణ్ణి. దారిలో దివిసీమలో ఏటిగట్టు పక్కన ఉన్న ఒక పాత గుడి కూడా చూపించేవాణ్ణి. ఆ ఊరి పేరు రాయను. అక్కడివాళ్ళతో ఇప్పటికీ నాకు రాకపోకలున్నాయి.

పాపారావుగారు నాకు మొదట నేర్పిన పాఠం, గైడు ఎప్పుడూ చూపించే వస్తువుకు వీపు పెట్టి, చూసేవాళ్ళకు మొహం పెట్టి నిలబడాలని. లేకపోతే మాట వినపడదు, జనం చెదిరిపోతారు. ఇది సరైన మాటే, ఇప్పుడు కూడా అలాగే నేర్పుతున్నారు. కానీ ఇందులో ఒక చిక్కుంది. అది నాకు ముప్ఫై ఏళ్ళ తర్వాత గానీ తట్టలేదు. ప్రతిరోజూ ఒక వస్తువును చూపించే మనిషి ప్రతిరోజూ దాన్ని చూడకుండా ఉంటాడు.

మరమ్మతుల గురించి ఆయన నేర్పింది రెండో పాఠం. ఒకసారి సముద్రపు ఒడ్డున దీపస్తంభానికి రంగులు వేయడానికని చుట్టూ కర్రలు కట్టారు. గుడ్లవల్లేరు నుంచి కాలేజీ పిల్లలు వస్తున్నారు, ట్రిప్పు వాయిదా వేద్దామా అని అడిగాను.

"ఏవోయ్, తెరిచుంటే వాళ్ళ కళ్ళతో వాళ్ళే చూసుకుంటారు. అప్పుడు నీతో పనేంటి? మూసుంటేనే నీ అవసరం," అన్నారాయన. "కర్రలు కనపడుతున్నాయని మాత్రం ముందు చెప్పకు. దిగాక వాళ్ళే చూస్తారు. చూశాక కథ మొదలెట్టు."

పిల్లలు దిగారు, కర్రలు చూశారు, నవ్వుకున్నారు, సముద్రంలోకి పరిగెత్తారు. నా కథ ఎవరూ వినలేదు. అయినా మరుసటి రోజు పాపారావుగారు, చూశావా, ఎవరైనా గొడవ చేశారా అన్నారు. ముందు చెప్పకపోవడం అనేది నాకు అలా అలవాటైంది.

టార్పాలిన్ ముందు తండ్రీ కూతుళ్ళు

ఆ అలవాటుకు నా సొంత తెలివి తోడైంది. మూసి ఉన్న వస్తువును మాటలతో ఎంత బాగా చూపించగలనంటే, వాళ్ళకి చూడలేదన్న సంగతే గుర్తుండకూడదని పట్టుదల. చాలాసార్లు నెగ్గాను కూడా. వ్యాన్లో తిరిగి వస్తూ, "అబ్బ, ఆ చెక్కడం ఎంత బాగుందండీ," అని మెచ్చుకునేవాళ్ళు. చెక్కడం గోనెపట్టా కింద ఉందని మర్చిపోయి అనేవాళ్ళు. అప్పుడు నాకు కలిగిన గర్వం ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఒక్కసారి మాత్రం ఓడిపోయాను. బందరులో తెల్లదొరల పాత సమాధులు బాగుచేస్తున్న రోజుల్లో విదేశాల నుంచి ఒక తండ్రీ కూతురూ వచ్చారు. వాళ్ళ పూర్వీకుడిది ఒక రాయి అక్కడుందట. ఆ వరస మొత్తం టార్పాలిన్ కప్పి ఉంది. కాపలా మనిషి ఎత్తనివ్వలేదు. నేను అలవాటు ప్రకారం టార్పాలిన్‌కు వీపు పెట్టి, రాతి మీద ఏమేం చెక్కారో, అంచున తీగ ఎలా పాకిందో వర్ణించడం మొదలుపెట్టాను. తండ్రి తల వంచుకుని వింటున్నాడు. కాసేపటికి కూతురు మర్యాదగానే, మీరు కాస్త మాట్లాడకుండా ఉంటే మేమిక్కడ కొంచెంసేపు నిలబడతాం అంది.

నాకు పౌరుషం వచ్చింది. పక్కకెళ్ళి గోడ దగ్గర నిలబడ్డాను. వాళ్ళు ఆ నీలం టార్పాలిన్ వైపు చూస్తూ చాలాసేపు ఉండిపోయారు. వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పారు. ఏం చూశారని థాంక్స్ చెప్పారో నాకు అర్థం కాలేదు. ఆ రోజే అర్థమై ఉంటే తర్వాత జరిగింది జరిగేది కాదు.

వెనక్కి చూసే హంస

ఇప్పుడు ఏటిగట్టు గుడి సంగతి. ముఖమండపంలో కుడివైపు మొదటి స్తంభం మీద, మనిషి రొమ్ము ఎత్తులో ఒక హంస ఉంది. తరాల తరబడి సున్నాలు వేసీ వేసీ ఆకారం మొద్దుబారింది. ఆ హంస మెడ వెనక్కి తిప్పి చూస్తోందని నేను చెప్పేవాణ్ణి. కృష్ణ పాయలు మార్చుకుంటూ గుడికి దూరంగా జరిగిపోయింది, ఏరు పూర్వం ఉన్న చోటు వైపు హంస ఇంకా చూస్తూనే ఉంది అని కథ. పాపారావుగారు చెప్పగా విన్నానో, పూజారిగారు అన్నారో, నేనే అల్లానో నిజంగా గుర్తులేదు. చెప్పగా చెప్పగా అది గుడితో పాటే పుట్టిన కథ అయిపోయింది.

దివిసీమ అంటే ఉప్పెన చూసిన నేల. మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. అలాంటివాళ్ళు ఆ హంస దగ్గర ఆగిపోయేవాళ్ళు. సముద్రం పక్క పల్లె నుంచి వీరమ్మ అనే ముసలావిడ ఏటా కల్యాణానికి వచ్చేది. చేపల బుట్ట మోసి మోసి మెడ గట్టిపడిన మనిషి. ఒకసారి నేను ఎవరికో కథ చెబుతుంటే విని, అప్పట్నుంచి ముందు హంసను తడిమి, తర్వాతే స్వామి దగ్గరికి వెళ్ళేది. ఉప్పెనలో ఆవిడ ఎవర్ని పోగొట్టుకుందో నేనడగలేదు. అడగకుండానే ఆవిణ్ణి చూపించి నా కథకు బలం తెచ్చుకున్నాను.

స్వామి ఎక్కడున్నట్టు?

నేను రిటైరవడానికి కొంతకాలం ముందు ఆ గుడికి జీర్ణోద్ధరణ మొదలైంది. గర్భగుడిలో పని జరిగేటప్పుడు స్వామి శక్తిని కలశంలోకి దించి, పక్కన చిన్న పందిరి వేసి, అందులో పెట్టి పూజలు చేస్తారు. దాన్ని బాలాలయం అంటారు. పని పూర్తయ్యాక సంప్రోక్షణ చేసి స్వామిని మళ్ళీ లోపలికి తెస్తారు. శాస్త్రం ప్రకారం అన్నాళ్ళూ స్వామి రేకుల పందిట్లోనే ఉన్నట్టు. కానీ జనం మనసు ఊరుకోదు.

బంటుమిల్లి నుంచి వచ్చిన ఒకావిడ ముందు పందిట్లో దణ్ణం పెట్టింది. తర్వాత తాళం వేసిన గర్భగుడి తలుపుకు పెట్టింది. ఆ తర్వాత పట్టాలు కప్పిన స్తంభాలన్నిటికీ వరసగా పెట్టుకుంటూ వెళ్ళి, చివర్న ఉన్న కాంక్రీటు మిక్సరుకు కూడా పెట్టింది.

"అది మిషనండీ పిన్నిగారూ," అన్నాను.

"ఉండనీ బాబూ, ఇందాకట్నుంచీ ఎందులో ఉన్నాడో నువ్వూ సరిగ్గా చెప్పట్లేదుగా," అంది.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

పెడన నుంచి వచ్చిన రత్నకుమారి

ఆ గుడికి ఒక ఆచారం ఉంది. నైవేద్యం పెట్టేటప్పుడు స్వామి ముందు వేసే తెరను పెడనలో ఒక కలంకారీ కుటుంబం అద్ది ఇస్తుంది. ఏటా కల్యాణానికి కొత్త తెర వస్తుంది, పాతది ఏట్లో కలిపేస్తారు. తెర అంచున ఆ స్తంభం మీది హంసలే వరసగా ఉండాలి. దానికోసం టేకు చెక్క మీద చెక్కిన అచ్చు వాళ్ళ ఇంట్లో ఉండేది. ఆ అచ్చుతో మరే గుడ్డా అద్దకూడదు. అందువల్ల ఆ హంస బొమ్మ ఉన్న గుడ్డ లోకంలో ఒక్కటే ఉంటుంది, అది స్వామి ముందు ఉంటుంది.

ఆ కుటుంబంలో పెద్దాయన పోయాడు. కొడుకుల్లేరు. కూతురు రత్నకుమారి, నలభై ఏళ్ళ మనిషి, అద్దకం పని మొత్తం తన చేతి మీదుగానే నడుపుతోంది. గుడి కమిటీలో కొందరికి నమ్మకం లేదు. పెద్దాయనతోనే ఆ పని సరి, ఇక తెర బయట కొనుక్కుందాం అన్నారట. కమిటీ పెద్ద చలపతిరావుగారు మధ్యేమార్గంగా, సంప్రోక్షణ నాటికి పాత తెరలాంటిది అద్ది తెస్తే ఆ హక్కు ఆమెకే ఉంచుదాం అన్నారు. సరేనని ఆమె అచ్చు తీసి చూస్తే చెదలు తినేసింది. చేత్తో పట్టుకుంటే పొడి రాలింది. చివరిగా అద్దిన తెరను గుడి పనులు మొదలైన రోజే ఏట్లో కలిపేశారు.

స్తంభం చూసి గీసుకుందామని ఆమె గుడికి వచ్చింది. పైకప్పు రాళ్ళు సర్దుతున్నారని స్తంభం చుట్టూ దుంగలు ఆనించి, గోనెపట్టాలు చుట్టి బిగించి కట్టారు. పని చేయించే స్థపతి, ఇప్పుడు విప్పితే పైన బరువు కదులుతుందమ్మా అని చేతులు జోడించాడు. లోపల ఫోటోలు తీయనివ్వరు కాబట్టి ఎవరి ఫోన్లోనూ బొమ్మ లేదు. అప్పుడెవరో, గైడుగారు రోజూ చూపిస్తారుగా, ఆయన్నడగండి అన్నారు.

ఆమె నన్ను బాబాయిగారూ అని పిలిచింది. ఆ పిలుపుకు, చుట్టూ నిలబడిన జనానికి నాకు హుషారొచ్చింది. పట్టా చుట్టిన స్తంభానికి వీపు పెట్టి నిలబడి, ముక్కు దగ్గర్నుంచి తోక దాకా చెప్పుకుంటూ, బొగ్గుముక్కతో నేల మీద గీసి చూపించాను. మెడ వెనక్కి తిప్పి గీశాను.

ఆమె కాగితం మీదకు దించుకుంటూ మెడ దగ్గర ఆగింది.

"ఖాయమేనా బాబాయిగారూ? నాన్న అచ్చు నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. తెర మీద చూసిందే గుర్తు. ఒక్కోసారి ముందుకు చూస్తున్నట్టు గుర్తొస్తుంది, ఒక్కోసారి వెనక్కి."

"నా మొహమైనా మర్చిపోతాను గానీ ఆ హంసను మర్చిపోతానా అమ్మా," అన్నాను.

ఆమె మెడ కూడా అలాగే దించుకుంది. నాకు తెలియదని గానీ, పట్టా విప్పేదాకా ఆగమని గానీ అనే వీలు నాకు ఆ క్షణంలో ఉంది. ఆ మాట నా నోట రాలేదు. నా వృత్తిలో అప్పటిదాకా ఆ మాట అన్న రోజు లేదు.

పట్టా తీసిన రోజు

సంప్రోక్షణ రోజు నేను గుడివాడ నుంచి ఒక వ్యాను మనుషుల్ని తీసుకుని వచ్చేసరికి మండపం నిండా జనం. దుంగలు, పట్టాలు ముందు రోజే తీసేశారట. స్తంభాలన్నీ సున్నం పోయి నల్లగా మెరుస్తున్నాయి. లోపల స్వామి ముందు కొత్త తెర. ఎర్రటి గుడ్డ మీద నల్లటి హంసలు, అన్నీ మెడ తిప్పి వెనక్కి చూస్తూ. చాలా బాగుంది.

నేను మామూలుగా స్తంభానికి వీపు పెట్టి చెప్పడం మొదలుపెట్టాను. నా ముందున్నవాళ్ళ మొహాల్లో ఏదో తేడా కనిపించింది. వెనక్కి తిరిగి చూశాను. హంస నిటారుగా ముందుకు చూస్తోంది.

అప్పటికే చలపతిరావుగారు స్తంభం దగ్గరికి వచ్చి తెరనూ స్తంభాన్నీ మార్చి మార్చి చూస్తున్నారు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. రత్నకుమారిని పిలిచి, అందరూ వింటుండగా, "పనితనం బాగుందమ్మా. కానీ ఇది మన గుడి హంస కాదు. మీ నాన్నగారుంటే ఇలా జరిగేది కాదు," అన్నారు.

ఆమె తలెత్తి జనం మీదుగా నా వైపు చూసింది. నేను చెప్పాల్సిన మాట చిన్నదే. నేనప్పుడు నా వ్యాను మనుషుల వైపు తిరిగి, "రండి, ప్రసాదం లైను ఇటు," అన్నాను.

తెర తీసి మడిచి సామాన్ల గదిలో పెట్టారు. కొట్లో కొన్న ఎర్ర పట్టుగుడ్డ వేశారు. పెడన వాళ్ళ హక్కు సంగతి తర్వాత మాట్లాడదామన్నారు.

నన్ను నేను కాపాడుకోబోయి

ఆ తర్వాత కొన్నాళ్ళు నేను చేసిన పని, తప్పు నాది కాదని రుజువు చేసుకోవడం. ముందు స్థపతి దగ్గరికి వెళ్ళాను. రాయలసీమ వైపు మనిషి, నెమ్మదస్తుడు. హంస మెడను మార్చారా అని అడిగాను.

"మేం రాయిని ముట్టుకోలేదండీ. సున్నం తీశాం, అంతే," అన్నాడు. మళ్ళీ తనే, "మెడ దగ్గర కొంచెం పెచ్చు ఊడింది. అది సరిచేశాం. ఉన్న గీతను బట్టే చేశాం," అన్నాడు.

ఉన్న గీత ఎటు ఉందని అడిగితే, "ముందుకేనండీ," అన్నాడు. ఆయన మొహంలో అబద్ధమేమీ లేదు. నాలోనూ అబద్ధం లేదు కదా ఆ రోజు.

ఆరుబయట తీసిన ఫోటోల్లో వెనక మండపంలో ఆ స్తంభం ఎక్కడైనా పడి ఉంటుందేమోనని, పాత యాత్రికుల్ని అడిగి తెప్పించుకున్నాను. పడింది కూడా. స్తంభం ఉంది, దాని ముందు నవ్వుతూ మనుషులున్నారు. కొన్నిటిలో సరిగ్గా హంస ఉండాల్సిన చోట నా తల ఉంది. చెయ్యెత్తి ఏదో చెబుతున్నాను.

అప్పటికి నాకు మూడు అనుమానాలు మిగిలాయి. నేను ఎన్నడూ సరిగ్గా చూడలేదేమో. చూసింది నిజమే కానీ, అది రాయి కాదు, సున్నం గడ్డకట్టి చేసిన ఆకారమేమో. లేదా పెచ్చు ఊడినప్పుడు మెడే మారిపోయిందేమో. ఏ రోజుకారోజు ఒకటి నిజమనిపించేది. ఇందులో పడి కొట్టుకుంటూ, పెడనలో ఒక మనిషి చేయని తప్పుకు మాట పడుతోందన్న సంగతిని పక్కన పెట్టేశాను. అనుమానం కూడా ఒక్కోసారి దాక్కోవడానికి పనికొస్తుంది. హంస ఎటు చూసినా, ఖాయమని చెప్పింది నేనే. దానికి రుజువులు అక్కర్లేదు.

రిటైరైన తర్వాత పెడన వెళ్ళాను. రత్నకుమారి కాలవ దగ్గర అద్దిన గుడ్డలు జాడిస్తోంది. చేతులు మోచేతుల దాకా రంగు. నన్ను చూసి గట్టెక్కి, కుర్చీ తెప్పించి, మంచినీళ్ళిచ్చింది. చెప్పాలని వచ్చిన మాట చెప్పలేక, కమిటీవాళ్ళకి నా పేరు ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను.

"చెబితే మీ పనికి ఇబ్బందేమోననుకున్నానండీ. మీరు రోజూ వెళ్ళే చోటు కదా," అంది. తర్వాత గుడ్డ పిండుతూ, నా వైపు చూడకుండా, "మీరే చెబుతారేమోనని కూడా అనుకున్నాననుకోండి," అంది.

వీరమ్మ పంచాయతీ

మరుసటి వారం కల్యాణం పనులకని కమిటీ వాళ్ళు మండపంలో కూర్చున్నప్పుడు వెళ్ళాను. రత్నకుమారిని కూడా రమ్మన్నాను. ఆమె అడిగిందని, అనుమానపడిందని, ఖాయమని చెప్పింది నేనేనని, ఆమెను అందరిలో అన్న రోజు నేను అక్కడే ఉండి నోరు మూసుకున్నానని చెప్పాను. ఇన్నేళ్ళు మాట్లాడి బతికినవాణ్ణి, ఆ నాలుగు మాటలకు నీళ్ళు తాగాల్సి వచ్చింది.

చలపతిరావుగారు ఒకసారి స్తంభం వైపు చూశారు. తర్వాత, "నిజం చెప్పాలంటే గైడుగారూ, ఆ రోజు స్తంభం చూసేదాకా నేనూ వెనక్కే అనుకున్నాను. మా మనవలకీ అలాగే చెప్పాను. మీ దగ్గర విని చెప్పానో, చూసి చెప్పానో మరి," అన్నారు. పక్కనున్నవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళలో ఒక్కరు కూడా, నాకు తెలుసు ముందుకే అని గట్టిగా అనలేకపోయారు. నా మాట ఎంత దూరం వెళ్ళిందో అప్పుడు తెలిసింది. నాకు భయమేసింది.

అదే సమయానికి వీరమ్మ వచ్చింది. గుడి పనులు మొదలయ్యాక ఆవిడ రాలేదు, మోకాళ్ళు పట్టేశాయట. అలవాటుగా స్తంభం దగ్గరికి వెళ్ళి హంస మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ తడిమింది. ఇటు తిరిగి నన్ను గుర్తుపట్టింది.

"ఏవయ్యా గైడూ, ఎవరు తిప్పమన్నారు దీన్ని?"

"ఎవరూ తిప్పలేదు మామ్మగారూ. అదిలాగే ఉండేదట," అన్నాను.

"ఉండేదట ఏంటి? నువ్వే కదా చెప్పింది. నీ నోటితోనే కదా ఇన్నాళ్ళూ చెప్పావు."

"నేను చెప్పింది తప్పేమో."

"తప్పైతే నా చెయ్యికి తెలియదా?" అంది. తర్వాత ఆ చెయ్యి తనే చూసుకుంది. ఖాయంగా అనలేకపోతోందని ఆవిడ మొహంలో కనిపించింది. దాంతో కోపం ఇంకా ఎక్కువైంది. ఇంతమంది మగాళ్ళుండి ఒక్క పిట్టను చూసుకోలేకపోయారా, సున్నం గీకమంటే ప్రాణం గీకేశారు అని కమిటీనంతా వరసపెట్టి తిట్టింది. ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

చివరికి చలపతిరావుగారే లేచి, సామాన్ల గదిలోంచి ఆ తెర తెప్పించారు. ఎందుకు తెప్పించారో తర్వాత అడిగితే, ముసలావిడ ఊరుకుంటుందని అన్నారు. మడతలు విప్పి ఇద్దరు పట్టుకున్నారు. వీరమ్మ దగ్గరికి వచ్చి, ఒక్కో హంస మీదా వేలు పెట్టుకుంటూ అంచు చివరిదాకా నడిచింది. చివర్న నిలబడి, "ఇది ఎవరద్దారు?" అంది.

రత్నకుమారి ముందుకు వచ్చింది.

"నువ్వొక్కదానివి సరిగ్గా చూశావమ్మా," అంది వీరమ్మ.

ఆ సాయంత్రం నైవేద్యానికి పట్టుగుడ్డ తీసి ఆ తెరే వేశారు. తెర పని ఎప్పటిలాగే పెడన వాళ్ళదేనని చలపతిరావుగారు అందరి ముందూ చెప్పారు.

జరగాల్సింది జరిగింది. నేను కోరుకున్నదీ అదే. కానీ నేను నిజం చెప్పినందుకు జరగలేదు. నేను చెప్పిన తప్పును ఒక ముసలావిడ గుండెల్లో పెట్టుకున్నందుకు జరిగింది. అది తప్పేనా అంటే అదీ ఖాయంగా తెలియదు. దీన్నెలా అర్థం చేసుకోవాలో నాకు ఇప్పటికీ పాలుపోదు. మీలో ఎవరికైనా అర్థమైతే నాకు చెప్పండి.

మెడ లేని అచ్చు

జనం వెళ్ళాక రత్నకుమారి స్తంభం ముందుకొచ్చి నిలబడింది. నేనూ వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఆ హంసకు ఎదురుగా, దానికేసి మొహం పెట్టి నిలబడడం నాకు అదే మొదటిసారి. మెడ మీద వేలితో రాసి చూశాను. నున్నగా ఉంది. కొత్త ఉలి దెబ్బో, పాత అరుగుదలో వేలికి తెలియలేదు.

"వచ్చే కల్యాణానికి మళ్ళీ తెర అద్దాలి బాబాయిగారూ," అంది. "ఇంతకీ ఎటు చూసేది?"

చుట్టూ ఎవరూ లేరు. ఏది చెప్పినా నమ్మడానికి ఆమె సిద్ధంగానే ఉంది, అదే నన్ను భయపెట్టింది.

"నాకు తెలియదమ్మా," అన్నాను.

ఆమె కోప్పడలేదు. ఈ తెర కోసం చెక్కించిన కొత్త అచ్చులో మెడ భాగం తీయించేస్తానంది. అక్కడ గుడ్డ మీద ఖాళీ పడుతుంది. ఏటా తెర తెచ్చే ముందు ఇక్కడికి వచ్చి, స్తంభం ముందు నిలబడి చూసి, అప్పుడు మెడలు కలంతో వేస్తానంది. "నాన్న కూడా అద్దాక మెడ దగ్గర కలం పెట్టేవాడు. అచ్చు అరిగిందేమోనని అనుకునేదాన్ని," అంది.

మీరడిగినదానికి నా మూడో జవాబు అదే. మూసి ఉంటే ఆ సంగతి వ్యానెక్కక ముందే చెప్పండి. పట్టా కింద ఏముందో తెలియకపోతే తెలియదనండి. వాళ్ళు ఆ పట్టా ముందు ఊరికే నిలబడతామంటే నిలబడనివ్వండి. ఇలా చేస్తే పని బాగా నడుస్తుందని నేను మాటివ్వలేను. నేను ఉద్యోగంలో ఉండగా చేసి చూడలేదు.

మొన్న నేను మళ్ళీ ఆ గుడికి వెళ్ళి మండపం మెట్ల మీద కూర్చున్నాను. ఒక వ్యాను ఆగింది. నాకు పరిచయం లేని గైడొకడు జనాన్ని లోపలికి తెచ్చి, స్తంభానికి వీపు పెట్టి నిలబడ్డాడు. ఈ హంస మెడ తిప్పి వెనక్కి చూస్తోంది, ఎందుకో చెబుతాను వినండి అన్నాడు. ఏరు పాయలు మారిన కథంతా చెప్పాడు. నాకన్నా బాగా చెప్పాడు. అందరూ ఎదురుగా ఉన్న రాయిని చూస్తూనే తలూపారు. నేను లేవబోయాను. లేచి ఏమని చెప్పాలో తెలియక మళ్ళీ కూర్చున్నాను.

అంతలో గుంపులోంచి ఒకావిడ, "ఏవండీ, ముందుకే చూస్తున్నట్టుందండీ," అంది.

గైడు కథ ఆపి వెనక్కి తిరిగి చూశాడు.